తొట్టి కొన్న రోజే క్లౌన్ చేపను తేవద్దు

సంపాదకుల వారికి నమస్కారం.

ఇంటి అలంకరణ పేజీల్లో తరచూ ఒక ఫొటో కనిపిస్తుంటుంది. గుండ్రటి గాజు గిన్నె, అడుగున రంగురాళ్లు, మధ్యలో నారింజ ఒంటి మీద మూడు తెల్ల పట్టీలున్న క్లౌన్ చేప. కింద చేప పేరు, రంగు గురించి రెండు మాటలు ఉంటాయి. నీళ్ల గురించి ఒక్క ముక్క ఉండదు. ఉప్పునీటి అక్వేరియంలు నడిపే మాకు అది చూస్తే మనసు చివుక్కుమంటుంది. వడపోత లేని ఆ గిన్నెలో ఆ చేప ఎన్నాళ్లో ఉండదు. సరైన తొట్టిలో అదే చేప పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతుంది. ఆ తేడా అంతా నీళ్లదే. ఈ ఉత్తరం కాస్త పొడుగైనా దయచేసి ప్రచురించండి.

క్లౌన్ చేపల్ని ఎక్కువగా చంపేది తొందర. తొట్టి, ఉప్పు, పంపు, చేప అన్నీ ఒకే రోజు ఇంటికొస్తాయి. నీళ్లు తేటగా ఉంటాయి, చేప రెండు రోజులు చక్కగా తిరుగుతుంది. ఆ తర్వాత తిండి మానేసి, పైకి తేలి, మొప్పలు ఎగరేస్తూ ఆయాసపడుతుంది. చేప తన మొప్పల ద్వారానే రాత్రింబవళ్లు అమ్మోనియా వదులుతుంది. కొత్త తొట్టిలో దాన్ని తినేసే బ్యాక్టీరియా ఉండదు. మంచినీటి చేపలు పెంచిన అనుభవం ఇక్కడ పనికిరాదు. అమ్మోనియాలో విషపు వాటా ఎంతన్నది పీహెచ్ మీద, అంటే నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె మీద ఆధారపడుతుంది. పీహెచ్ 7 ఉన్న మంచినీటితో పోలిస్తే, 8.2 ఉన్న సముద్రపు నీటిలో అంతే అమ్మోనియాకు ఆ విషపు వాటా పది రెట్లకు పైగా ఉంటుంది. పైగా ఉప్పునీరు మంచినీటి కంటే తక్కువ ఆక్సిజన్‌ను పట్టి ఉంచుతుంది. గోల్డ్‌ఫిష్ ఎలాగోలా తట్టుకునే పొరపాటు ఇక్కడ ప్రాణం తీస్తుంది.

కాబట్టి ముందు బ్యాక్టీరియాను పెంచాలి. తొట్టిలో ఉప్పునీరు, రాళ్లు, అడుగున 2 నుంచి 3 సెంటీమీటర్ల అరగొనైట్ (సున్నపు రకం) ఇసుక వేసి, హీటరు, పంపులు నడుపుతూ చేప లేకుండానే అమ్మోనియా ఇవ్వాలి. 100 లీటర్ల నీటికి స్వచ్ఛమైన అమ్మోనియం క్లోరైడ్ దాదాపు 0.6 గ్రాములు వేస్తే 2 పీపీఎం, అంటే లీటరుకు 2 మిల్లీగ్రాముల అమ్మోనియా వస్తుంది. సీసాలో దొరికే ఉప్పునీటి బ్యాక్టీరియా కలిపితే పని వేగంగా మొదలవుతుంది. అది లేకపోయినా మొదలవుతుంది, ఆలస్యంగా. రెండు రోజులకోసారి పరీక్షిస్తూ ఉంటే మొదట బ్యాక్టీరియా మార్చేకొద్దీ అమ్మోనియా తగ్గుతూ నైట్రైట్ పెరుగుతుంది, ఆ తర్వాత నైట్రైట్ తగ్గుతూ నైట్రేట్ పెరుగుతుంది. నైట్రైట్ ఎక్కువగా ఉన్న రోజుల్లో నైట్రేట్ కిట్ తప్పుడు అంకె చూపిస్తుంది, దాన్ని అప్పుడు పట్టించుకోనక్కర్లేదు. మళ్లీ 2 పీపీఎం అమ్మోనియా వేసినప్పుడు 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వస్తే తొట్టి సిద్ధమైనట్టు. మామూలుగా ఇందుకు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈ మధ్యలో ఇసుక మీద, అద్దాల మీద గోధుమరంగు పొర కమ్ముతుంది. అది డయాటమ్ అనే నాచు, కొన్ని వారాల్లో దానంతట అదే పోతుంది. దాన్ని చూసి కంగారుపడి తొట్టి మొత్తం కడిగేస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది. "గట్టి చేప" అని డామ్‌సెల్ అనే చిన్న సముద్రపు చేపను వేసి దాని అమ్మోనియాతో తొట్టిని సిద్ధం చేసే పద్ధతి ఒకటుంది. అది ఆ చేపను హింసించడమే. బతికి బట్టకడితే అదే తొట్టికి పెత్తందారై, తర్వాత వచ్చే క్లౌన్ చేపల్ని తరుముతుంది.

ఇక ఉప్పునీరు. వంట ఉప్పు కలిపితే సముద్రపు నీరు కాదు. సముద్రపు నీటిలో సోడియం క్లోరైడ్‌తో పాటు మెగ్నీషియం లీటరుకు సుమారు 1300 మిల్లీగ్రాములు, కాల్షియం 400 పైచిలుకు, పీహెచ్‌ను నిలబెట్టే బైకార్బొనేట్లు, ఇంకా ఎన్నో ఉంటాయి. అందుకే అక్వేరియం కోసమే తయారుచేసిన సముద్రపు ఉప్పు వాడాలి. కొళాయి నీటిలో క్లోరిన్, క్లోరమిన్, రాగి, ఫాస్ఫేట్, సిలికేట్ వంటివి ఉండొచ్చు కనుక ఆర్ఓ (సన్నటి పొర గుండా వడపోత), డీఐ (మిగిలిన లవణాల్నీ తీసేసే రెసిన్) రెండు దశలూ దాటిన, టీడీఎస్ (నీటిలో కరిగిన పదార్థాల మొత్తం) సున్నా చూపే నీరే మేలు. ఇంట్లో తాగే ఆర్ఓ యంత్రంలో చివరి డీఐ దశ ఉండదు. పైగా రుచి కోసం ఖనిజాలు తిరిగి కలిపే రకాలున్నాయి. టీడీఎస్ మీటరు పెట్టి చూస్తే సంగతి తేలిపోతుంది.

లీటరుకు 36 నుంచి 38 గ్రాముల ఉప్పు పడుతుంది. ముందు బకెట్లో నీళ్లు పోసి, పంపు తిప్పుతూ ఉప్పును కొద్దికొద్దిగా వెయ్యాలి. ఉప్పు మీద నీళ్లు పోస్తే కాల్షియం విరిగి తెల్లటి మడ్డి దిగుతుంది, ఇక కరగదు. ఒక రాత్రంతా తిరగనిచ్చి, ఉష్ణోగ్రత తొట్టితో సమానమయ్యాక కొలవాలి. కావలసింది 35 పీపీటీ (కిలో ఉప్పునీటిలో 35 గ్రాముల ఉప్పు), అంటే సాపేక్ష సాంద్రత 1.026. చేప ఉన్న తొట్టిలో నేరుగా ఉప్పు వేయడం ఎప్పుడూ తగదు. కరగని రేణువు మొప్పకు తగిలితే కాలుతుంది.

కొలిచే సాధనం విషయంలో చాలామంది మోసపోతారు. ఊగే ముల్లున్న ప్లాస్టిక్ హైడ్రోమీటరు ముల్లుకు చిన్న గాలిబుడగ అంటుకున్నా అంకె మారిపోతుంది. వెలుతురు నీటిలో ఎంత వంగుతుందో చూసి ఉప్పు చెప్పే రిఫ్రాక్టోమీటరు మేలే. కాకపోతే దాన్ని స్వచ్ఛమైన నీటితో సున్నాకు సరిచేసి ఊరుకోకూడదు, 35 పీపీటీ ప్రమాణ ద్రావణంతో సరిచూడాలి. మార్కెట్లో దొరికే చాలా రిఫ్రాక్టోమీటర్లు ఉత్త సోడియం క్లోరైడ్ ద్రావణానికి గీతలు గీసినవి. వాటిలో సముద్రపు నీరు ఒకటిన్నర పీపీటీ దాకా ఎక్కువ చూపిస్తుంది.

తొట్టి నడిచాక జరిగే పెద్ద పొరపాటు ఆవిరి దగ్గర. నీరు ఆవిరవుతుంది, ఉప్పు అక్కడే ఉండిపోతుంది. 100 లీటర్ల తొట్టి నుంచి రోజుకు 2 లీటర్లు ఆవిరైతే, ఏమీ పొయ్యకుండా వదిలేసిన ఐదో రోజుకు 35 కాస్తా 39కి దగ్గరవుతుంది. తగ్గింది కదా అని ఉప్పునీరు పోస్తే రోజుకు 70 గ్రాముల ఉప్పు అదనంగా చేరుతుంది, వారానికి అర కిలో. ఆవిరైన దానికి ఉప్పు లేని ఆర్ఓ నీరే, రోజూ కొద్దికొద్దిగా, ఒకే గీత దాకా పొయ్యాలి. అద్దం మీద మార్కరుతో గీత గీసుకుంటే చాలు. ఆవిరైన నీటిని దానంతట అదే నింపే ఆటో టాప్ ఆఫ్ పెట్టుకోగలిగితే నిశ్చింత. ఉప్పునీరు పోయాల్సింది వారం వారం నీళ్లు మార్చేటప్పుడు మాత్రమే.

ఒసెల్లారిస్ అనే చిన్న రకం క్లౌన్ చేపల జంటకు కనీసం 75 లీటర్లు కావాలి. కొత్తవాళ్లకు 100 నుంచి 150 లీటర్ల తొట్టి సులువు, ఎందుకంటే నీరు ఎక్కువైతే పొరపాటు నెమ్మదిగా బయటపడుతుంది, దిద్దుకునే వ్యవధి దొరుకుతుంది. ఉష్ణోగ్రత 25 నుంచి 27 డిగ్రీలు. చల్లటి గదిలో లీటరుకు ఒక వాటు లెక్కన హీటరు సరిపోతుంది. 100 వాట్లది ఒకటి కొనే బదులు 50వి రెండు కొనండి. హీటర్ల థర్మోస్టాట్ ఆన్‌లోనే ఇరుక్కుపోవడం మామూలు, చిన్నదైతే ఇరుక్కున్నా తొట్టిని ఉడికించదు. వేడి గదిలో సమస్య తిరగబడుతుంది. నీటి మీదుగా చిన్న ఫ్యాను గాలి కొడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. అయితే ఆవిరి పెరుగుతుంది కనుక పైన చెప్పిన లెక్క ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. నీటిని తిప్పే పంపు, అంటే పవర్‌హెడ్‌ను నీటి ఉపరితలం అలలాడేలా పైకి తిప్పండి, ఆక్సిజన్ అక్కడి నుంచే వస్తుంది. చిన్న తొట్టిలో వారం వారం నీళ్లు మారుస్తుంటే మురికిని నురగగా తీసేసే ప్రోటీన్ స్కిమ్మర్ లేకపోయినా నడుస్తుంది. మూత మాత్రం తప్పనిసరి. క్లౌన్ చేపలు ఎగురుతాయి. గాజు మూత కంటే సన్నటి వల మేలు, గాలి ఆడుతుంది.

కరెంటు గురించి ఒక హెచ్చరిక. ఉప్పునీటి తుంపర ఎండి తెల్లటి పొరగా తీగల మీద, ప్లగ్గుల మీద పేరుకుంటుంది, తేమ తగిలితే కరెంటు పారుతుంది. ప్లగ్గుల బోర్డు తొట్టి కంటే ఎత్తులో, పక్కగా ఉండాలి. తీగ బోర్డుకు చేరే ముందు కిందికి వేలాడి పైకి వెళ్లేలా ఒక వంపు ఇవ్వాలి, నీటిచుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. కరెంటు లీకైతే సరఫరా కట్ చేసే ఆర్‌సీసీబీ స్విచ్చు లేకుండా ఉప్పునీటి తొట్టి పెట్టుకోవద్దు. చెయ్యి ముంచే ముందు అన్నీ ఆపాలి.

కరెంటు పోతే తిండి లేకపోవడం సమస్య కాదు, ఆక్సిజనే సమస్య. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి సిద్ధంగా ఉంచుకోండి. మూసి ఉండే క్యానిస్టర్ ఫిల్టరు వాడేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. కొన్ని గంటలు ఆగిపోతే లోపలి బ్యాక్టీరియా ఊపిరాడక చచ్చి నీరు కుళ్లుతుంది. కరెంటు రాగానే ఆ నీరంతా తొట్టిలోకి వస్తుంది. ముందు ఫిల్టర్‌ను విప్పి, ఆ నీరు పారబోసి, తొట్టి నీటితోనే కడిగి మళ్లీ పెట్టాలి.

చేప ఎంపికకు వద్దాం. క్లౌన్ చేపల్లో దాదాపు ముప్పై జాతులున్నాయి. కొత్తవాళ్లకు ఒసెల్లారిస్ తగినది. పెర్క్యులా దాని అక్కచెల్లెల్లా ఉంటుంది, వీపు రెక్కలో ముళ్లు లెక్కపెడితే ఒసెల్లారిస్‌కు సాధారణంగా 11, పెర్క్యులాకు 10. టొమాటో, క్లార్కీ, మెరూన్ రకాలు పెద్దవవుతాయి, కరుస్తాయి. మెరూన్ ఆడచేప 15 సెంటీమీటర్లు దాటగలదు, చిన్న తొట్టిలో మరో చేపను బతకనివ్వదు. ఏ రకమైనా తొట్టిలో పుట్టిన పిల్లల్నే అడిగి తీసుకోండి. అవి పొడి తిండికి అలవాటుపడి ఉంటాయి, రోగాలూ తక్కువ. క్లౌన్ చేప తాను నివసించే అనిమోన్‌ను (పువ్వులా కనిపించే, కుట్టే సముద్రజీవిని) వదిలి పారిపోదు కనుక సముద్రంలో పట్టడం తేలిక. ఒక్కో అనిమోన్ దగ్గర ఉండే ఆ చిన్న కుటుంబం మొత్తం అలా ఖాళీ అయిపోతుంది. తొట్టుల్లో ఇంత బాగా పిల్లలు పెట్టే జాతిని సముద్రం నుంచి తేవడం మాకు ఏ విధంగానూ సమంజసంగా కనిపించదు.

జంట కట్టడంలో ఒక విచిత్రం ఉంది. క్లౌన్ చేపలన్నీ మగవిగా పెరుగుతాయి, గుంపులో అన్నిటికంటే పెద్దది ఆడదవుతుంది. ఆడది చస్తే దాని జోడు మగచేప ఆడదిగా మారుతుంది. వెనక్కి తిరిగే దారి లేదు, ఆడది మళ్లీ మగ కాదు. కాబట్టి ఒకటి కాస్త పెద్దది, ఒకటి చిన్నది, రెండూ పిల్లలుగా ఉన్నప్పుడే కలిపి తెచ్చుకోవాలి. చిన్నది పక్కకు ఒరిగి ఒళ్లు వణికిస్తే "నువ్వే పెద్ద" అని ఒప్పుకున్నట్టు. అది జబ్బు కాదు. ఎదిగిన రెండు ఆడచేపల్ని కలిపితే ఒకటి చచ్చేదాకా కొట్లాట. మూడో చేపను చేర్చితే సాధారణంగా అది మూలకు చేరి, రెక్కలు చినిగి, తిండి దొరక్క పోతుంది.

దుకాణంలో చేప తినడం కళ్లారా చూసి కొనండి. సంచీలో తెచ్చాక గంటల తరబడి చుక్కచుక్కగా నీళ్లు కలిపే పద్ధతి దూరం నుంచి వచ్చిన చేపకు హాని చేస్తుంది. మూసిన సంచీలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పీహెచ్ పడిపోతుంది, దాంతో అమ్మోనియా విషం కాకుండా ఉంటుంది. సంచీ విప్పగానే ఆ వాయువు పోయి పీహెచ్ లేస్తుంది, అమ్మోనియా విషమవుతుంది. అందుకే ముందే సంచీలోని ఉప్పుశాతం కనుక్కుని క్వారంటీన్ తొట్టిని, అంటే కొత్త చేపను విడిగా ఉంచే తొట్టిని, అంతకే సిద్ధం చేసుకోవాలి. సంచీని పావుగంట తేలనిచ్చి, చేపను మాత్రం తీసి వదలాలి. సంచీ నీళ్లు తొట్టిలో కలపకూడదు.

క్వారంటీన్‌ను దండగ అనుకునేవాళ్లే ఎక్కువ. 40 లీటర్ల ఉత్త గాజు తొట్టి, ప్రధాన తొట్టిలో కొన్ని వారాలు నానిన స్పాంజ్ ఫిల్టరు, హీటరు, దాక్కోవడానికి పీవీసీ గొట్టం ముక్కలు. అంతే. రాళ్లు, ఇసుక వద్దు, అవి మందును పీల్చేస్తాయి. అక్కడ నెల రోజులు ఉంచితే చాలా చావులు తప్పుతాయి. ఆ నెలలో మూడు జబ్బుల్ని వేరుచేసి గుర్తుపట్టడం నేర్చుకోవాలి, ఎందుకంటే ఒకదాని మందు మరొకదానికి పనిచేయదు.

ఉప్పు రవ్వల్లా లెక్కపెట్టగలిగేటన్ని తెల్ల చుక్కలుంటే అది క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి. లెక్కకు అందని సన్నటి బూడిద, బంగారు దుమ్ము చల్లినట్టుంటే, చేప పవర్‌హెడ్ ధారకు ఎదురుగా నిలబడి ఆయాసపడుతుంటే, వెలుతురుకు దూరంగా పోతుంటే అది వెల్వెట్, అంటే అమైలూడినియం. దీనికి వ్యవధి రెండు మూడు రోజులే. ఈ రెంటికీ రాగి మందు పనిచేస్తుంది. కీలేట్ చేసిన (వేరే పదార్థంతో బంధించిన) రాగి అయితే మూడు నాలుగు రోజుల్లో మెల్లగా పెంచి 2 నుంచి 2.5 పీపీఎం మధ్య 30 రోజులు, రోజూ కిట్‌తో కొలుస్తూ నిలపాలి. కొలవకుండా వేసిన రాగి తగ్గితే జబ్బు పోదు, పెరిగితే చేప పోతుంది. రాళ్లున్న ప్రధాన తొట్టిలో రాగి ఎప్పుడూ వేయకూడదు. రొయ్యలు, నత్తలు, అనిమోన్లు చస్తాయి. రాళ్లు దాన్ని పీల్చుకుని చాలాకాలం వదులుతూనే ఉంటాయి. ప్రధాన తొట్టిని చేపల్లేకుండా ఖాళీగా ఉంచితే పరాన్నజీవి ఆకలితో చస్తుంది. ఇందుకు అనుభవజ్ఞులు పాటించే లెక్క 76 రోజులు.

మూడోది బ్రూక్లినెల్లా. క్లౌన్ చేపల జబ్బు అనే పేరే పడిపోయింది దీనికి. ఒంటి మీద చిక్కటి తెల్లటి జిగురు పేరుకుని తెరలు తెరలుగా ఊడుతుంది, రంగు వెలిసిపోతుంది, ఆయాసం. రాగి దీని మీద పనిచేయదు. వెల్వెట్ అనుకుని రాగి వేసి ఎదురుచూస్తే చేప దక్కదు. ఫార్మలిన్ స్నానం కావాలి. వేరే బకెట్లో తొట్టి నీరు 10 లీటర్లకు 37 శాతం ఫార్మలిన్ 1.5 మిల్లీలీటర్లు, గట్టిగా గాలి కొడుతూ 30 నుంచి 45 నిమిషాలు, కళ్లార్పకుండా కనిపెట్టుకుని ఉండాలి. చేప ఒరిగిపోతే వెంటనే తీసెయ్యాలి. ఫార్మలిన్ నీటిలో ఆక్సిజన్‌ను తగ్గిస్తుంది, అందుకే ఆ గాలి. సీసా అడుగున తెల్లటి మడ్డి ఉంటే ఆ ఫార్మలిన్ వాడకూడదు, అది చేపలకు మరింత విషం. మనుషులకూ అది క్యాన్సర్ కారకమే కనుక చేతి తొడుగులు, తెరిచిన కిటికీ, పిల్లలకు అందని చోటు తప్పనిసరి. ఫార్మలిన్ చేతికి వచ్చేలోగా అదే ఉష్ణోగ్రత, అదే పీహెచ్ ఉన్న మంచినీటిలో ఐదు నిమిషాలు ముంచితే కాస్త ఉపశమనం.

ఇప్పుడు అందరూ అడిగే అనిమోన్ సంగతి. తొట్టిలో క్లౌన్ చేపకు అనిమోన్ అవసరం లేదు. సముద్రంలో వేటాడే చేపల నుంచి అది కాపాడుతుంది, తొట్టిలో వేటాడేవాళ్లే లేరు. అనిమోన్‌ను పెంచడం క్లౌన్ చేపను పెంచడం కంటే చాలా కష్టం. దానికి కనీసం ఆరు నెలలు, వీలైతే ఏడాది నడిచిన తొట్టి, పగడాలకు సరిపడే బలమైన వెలుతురు, ఊగిసలాడని ఉప్పుశాతం కావాలి. కుదురుకోకపోతే తొట్టంతా నడుస్తుంది. రాత్రికి పవర్‌హెడ్ లోకి చేరితే ముక్కలై, తెల్లారేసరికి నీరంతా పాడై చేపలు కూడా పోతాయి. అందుకే ముందే పవర్‌హెడ్లకు స్పాంజ్ తొడుగు వేయాలి. క్లౌన్ చేపలకు ఆతిథ్యమిచ్చే అనిమోన్ జాతులు పదే. వాటిలో తొట్టికి ఓర్చుకునేది బబుల్ టిప్. సముద్రంలో ఒసెల్లారిస్ దాని దగ్గర ఉండదు గానీ తొట్టిలో చాలాసార్లు ఒప్పుకుంటుంది, ఒక్కోసారి నెలలు పట్టొచ్చు, ఒక్కోసారి అసలు ఒప్పుకోకుండా పంపు పక్కనే కాపురం పెడుతుంది. చవకగా దొరికే కాండిలాక్టిస్ అనిమోన్ ఆ పదింటిలోది కాదు, క్లౌన్ చేపకు అది ఇల్లు కాకపోగా ప్రమాదం.

తిండి సంగతి సులువే. రోజుకు రెండుసార్లు, రెండు నిమిషాల్లో అయిపోయేంత. మంచి గుళికలు, మధ్య మధ్య మైసిస్ రొయ్యలు. ఘనీభవించిన దిమ్మను వేరుగా కరిగించి, వడకట్టి, రసం పారబోసి వేయండి. ఆ రసమే నాచుకు ఎరువు.

వారానికి పది శాతం నీళ్లు మార్చాలి. పది శాతం మారిస్తే నైట్రేట్ కూడా పది శాతమే తగ్గుతుందని గుర్తుంచుకోవాలి. 40 పీపీఎం ఉంటే 36 అవుతుంది, కొత్తగా ఏమీ చేరకపోయినా నాలుగు వారాలకు 26. కాబట్టి అంకె పెరిగాక పరిగెత్తడం కంటే తిండి తగ్గించడం నయం.

కుదురుకున్న జంట ఒక రాతిని శుభ్రంగా కొరికి తుడవడం మొదలుపెడితే గుడ్లు రాబోతున్నాయన్నమాట. నారింజ రంగు గుడ్లను మగచేప రెక్కలతో విసురుతూ కాపలా కాస్తుంది. వారం పది రోజుల్లో గుడ్లలో వెండి కళ్లు మెరుస్తాయి, ఆ రాత్రి దీపం ఆర్పాక గంటా రెండు గంటల్లో పిల్లలు బయటికొస్తాయి. వాటికి మొదటి తిండి రోటిఫర్లు అనే సూక్ష్మజీవులు. గుడ్లు చూశాక రోటిఫర్ల కోసం వెతికితే ఆ విడత దక్కదు. ముందే పెంచి ఉంచుకోవాలి. వారం దాటాక గుడ్ల నుంచి అప్పుడే బయటికొచ్చిన ఆర్టీమియా (చిన్న ఉప్పునీటి రొయ్యలాంటి జీవి) పిల్లల్ని ఇవ్వొచ్చు. పన్నెండు రోజుల ప్రాంతంలో తల మీద మొదటి తెల్ల పట్టీ కనిపిస్తుంది.

సంపాదకుల వారూ, మా విన్నపం ఒక్కటే. ఇకపై క్లౌన్ చేప ఫొటో వేసినప్పుడు, దాని కింద ఆ తొట్టి ఎన్ని లీటర్లది, చేప వేయడానికి ముందు ఎన్ని వారాలు ఖాళీగా నడిచింది, చేప తొట్టిలో పుట్టిందా సముద్రంలో పట్టిందా అన్న మూడు వివరాలు కూడా వేయించండి. ఆ వివరాలు ఇవ్వలేని ఫొటోను, ముఖ్యంగా గాజు గిన్నె ఫొటోను, ప్రచురించకండి.

ఇట్లు,
ఉప్పునీటి అక్వేరియంలు నిర్వహించే కొందరు పాఠకులు